కనబడని పురుగు, గుర్తుండే రంగు

ఫిన్లాండుకూ స్వీడన్‌కూ నడుమ, బాల్టిక్ సముద్రంలో ఆలండ్ అనే దీవుల సముదాయం ఉంది. వేసవి మొదట్లో అక్కడి పచ్చిక బయళ్ళలో గ్లాన్‌విల్ ఫ్రిటిలరీ అనే సీతాకోకచిలుక ఒక సన్నాకు మొక్కను ఎంచుకుని, ఆకు అడుగున నూటయాభై, రెండు వందల గుడ్లను ఒకే కుప్పగా పెట్టి వెళ్ళిపోతుంది. తర్వాత ఎప్పుడో ఆ ఆకు మీద నల్లటి సన్నని కందిరీగ ఒకటి వాలుతుంది. మీసాలతో గుడ్లను తడిమి చూస్తుంది. ఏమీ చేయకుండా ఎగిరిపోతుంది. మళ్ళీ వస్తుంది, మళ్ళీ తడుముతుంది, మళ్ళీ వెళ్ళిపోతుంది. గుడ్లు పక్వానికి వచ్చేదాకా ఇదే వరస.

ఈ కందిరీగ పేరు హైపోసోటర్ హార్టికోలా. దీని పిల్ల ఆ సీతాకోకచిలుక పిల్ల పురుగు ఒంట్లోనే పెరగాలి. అయితే గుడ్డు పెట్టడానికి దానికి దొరికే అదను చాలా చిన్నది. పెంకు లోపల పురుగు పూర్తిగా రూపు దిద్దుకుని, ఇంకా పెంకు చీల్చుకుని బయటికి రాని ఆ కొన్ని గంటలే అదను. అంతకు ముందైతే గుడ్డులో పురుగు లేదు. తర్వాతైతే పురుగు చేయి దాటిపోతుంది. ఆ రోజే వెతకడం మొదలుపెడితే ఏ కందిరీగకూ పని జరగదు. అందుకే ఇది ముందుగానే గుడ్ల కుప్పలను కనిపెట్టి, వాటి చిరునామాలు గుర్తుంచుకుని, రైతు పంట పక్వానికి వచ్చిందో లేదో చూసి వచ్చినట్టు చుట్టి వస్తుంటుంది.

చిరునామా గుర్తుంచుకుంటుందన్న మాట అలంకారం కాదు. సాస్కియా వాన్ నౌహుయిస్, రిక్కా కార్తినెన్ 2008లో ప్రచురించిన పరిశోధన దీన్నే పరీక్షించింది. మొక్కల దగ్గర కంటికి ఆనే గుర్తులను ఉంచి, తర్వాత వాటి స్థానం మారిస్తే కందిరీగల వెతుకులాట కూడా ఆ గుర్తుల వెంటే మారింది. అంటే అవి కేవలం గుడ్ల వాసన పట్టుకుని రావడం లేదు, పరిసరాలను చూసి నేర్చుకుని వస్తున్నాయి. ఈ నేర్పు ఫలితం దీవుల మీద స్పష్టంగా కనిపిస్తుంది. గుడ్ల కుప్పల్లో దాదాపు ఏదీ ఈ కందిరీగ కంట పడకుండా పోదు. ప్రతి కుప్పలోనూ సుమారు మూడో వంతు పురుగుల్లో దాని గుడ్డు పడుతుంది. మిగతావాటిని వదిలి, ఇంకొకరు ముట్టకుండా అక్కడ ఒక వాసన గుర్తు పెట్టి మరీ వెళుతుంది.

తెలుగు వ్యవసాయ భాషలో ఇలాంటి కీటకాలను బదనికలు అంటారు. చెట్టు మీద పెరిగే బదనిక చెట్టును చంపకుండా బతుకుతుంది. ఈ కందిరీగ పిల్ల అలా కాదు, తాను పెరిగిన పురుగును చివరికి తినేసి బయటికి వస్తుంది. ఇంటి చూరు కింద గూడు కట్టి, దగ్గరికి వెళితే కుట్టే కందిరీగలకు ఇవి దూరపు చుట్టాలు మాత్రమే. చాలా బదనికలు చీమంత కూడా ఉండవు, మనుషుల జోలికి రావు. వీటి జాతులు వేలల్లో ఉన్నాయి. ఇక్నుమోనిడే అనే ఒక్క కుటుంబంలోనే శాస్త్రవేత్తలు పేరు పెట్టినవి సుమారు పాతిక వేలు. ఇన్ని జాతులకూ ఉన్న బతుకు సమస్య ఒక్కటే: తన పిల్లకు తిండి కావలసిన పురుగు ఎక్కడ ఉంది?

ఆ పురుగు తాను దొరకకుండా ఉండటానికి లక్షల ఏళ్ళుగా తయారవుతూ వచ్చిన జీవి. రంగులో ఆకుతో కలిసిపోతుంది, కాండంలోకి తొలుచుకుపోతుంది, ఆకు చుట్టలో దాక్కుంటుంది, తన వాసన బయటికి పొక్కనివ్వదు. దాన్ని మోస్తున్న మొక్క మాత్రం దూరం నుంచే కనిపిస్తుంది, వాసన వేస్తుంది. కానీ మొక్క ఉన్నంత మాత్రాన పురుగు ఉంటుందన్న హామీ లేదు. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌కు చెందిన లూయీస్ వెట్, మార్సెల్ డిక్ 1992లో ఈ చిక్కును ఒక సూత్రంగా చెప్పారు. తెలుగులో చెప్పాలంటే, నమ్మదగిన ఆనవాలు అందదు, అందే ఆనవాలు నమ్మదగింది కాదు. ఈ రెండింటికీ ముడివేసే పనే నేర్చుకోవడం. ఒక్కసారి ఎలాగో పురుగు దొరికితే, ఆ సమయంలో చుట్టూ ఏ వాసన ఉంది, ఏ రంగు ఉంది, ఆకు ఏ ఆకారంలో ఉంది అన్నది గుర్తుపెట్టుకుంటే చాలు. తర్వాత దూరం నుంచి కనిపించే ఆ గుర్తే దారి చూపుతుంది.

ఈ ముడి ఏ క్షణంలో పడుతుందో తేటగా చూపించిన కందిరీగ మైక్రోప్లైటిస్ క్రోసీపెస్. అమెరికాలో పత్తి కాయలనూ మొక్కజొన్న కంకులనూ తొలిచే హెలికోవర్పా జియా అనే లద్దెపురుగు దీని ఆతిథేయి, అంటే దీని పిల్ల పెరిగే పురుగు. మన పత్తి, కంది, శనగ రైతులను దశాబ్దాలుగా ఏడిపిస్తున్న శనగపచ్చ పురుగుకు అది సోదర జాతి. జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్‌లో పనిచేసిన జో లూయిస్, ఫ్లోరిడాలోని జిమ్ టమ్లిన్సన్ కలిసి 1988లో నేచర్ పత్రికలో చూపించినది ఇది. పురుగు తిన్న ఆకు మీద దాని విసర్జన చిన్న చిన్న గుళికలుగా పడి ఉంటుంది. కందిరీగ ఆ గుళికను మీసాల కొనలతో తాకుతుంది. గుళికలో గాలికి ఎగరని ఒక పదార్థం ఉంటుంది. అది తగిలిందంటే పురుగు ఇక్కడే ఎక్కడో ఉందని అర్థం. ఈ ఒక్క సంగతి మాత్రం కందిరీగకు పుట్టుకతోనే తెలుసు, ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ స్పర్శ జరిగిన క్షణంలో గాలిలో ఏ వాసన ఉందో, దాన్ని అది నేర్చుకుంటుంది. గుళికను తాకనివ్వకుండా వాసన ఒక్కటే చూపిస్తే ఆ పాఠం ఒంటపట్టదు.

పుట్టుకతో వచ్చినది, బతుకులో నేర్చుకున్నది అని జంతువుల ప్రవర్తనను రెండు గదుల్లో పెట్టి మాట్లాడటం మనకు అలవాటు. ఇక్కడ ఆ గోడ నిలబడదు. పుట్టుకతో వచ్చిన చిన్న జ్ఞానం ఒకటి గురువులా కూర్చుని, ఏది నేర్చుకోవాలో ఏది వదిలేయాలో చెబుతోంది. ప్రకృతి ఈ కందిరీగకు జవాబు ఇవ్వలేదు, జవాబు సరైనదో కాదో తేల్చే పరీక్ష ఇచ్చింది. ఇదే పురుగు ఒక నెల పత్తి మీద, మరో నెల మొక్కజొన్న మీద, ఇంకోసారి టమాటా మీద ఉండవచ్చు. అలాంటప్పుడు ఏ ఆకు రంగును, ఏ పంట వాసనను పుట్టుకతో రాసి పెట్టగలం? ఏది రాసినా తర్వాతి కారుకే అది పాతబడిపోతుంది.

రెండేళ్ళ తర్వాత లూయిస్, కేజీ తకాసు చేసిన మరో ప్రయోగం ఇంకా ముచ్చటైనది. అదే కందిరీగకు వనిల్లా వాసననూ చాక్లెట్ వాసననూ పరిచయం చేశారు. ఒకటి తిండితో పాటు, రెండోది పురుగుతో పాటు. తర్వాత ఆకలితో ఉన్న కందిరీగ తిండి వాసన వైపు వెళ్ళింది. కడుపు నిండినది పురుగు వాసన వైపు వెళ్ళింది. రెండు పాఠాలూ ఆ బుర్రలో విడివిడిగా ఉన్నాయన్న మాట. ఏది ఎప్పుడు బయటికి తీయాలో దానికి తెలుసు.

ఇదంతా వాసన కథ. బదనికల పరిశోధనలో చాలాకాలం వాసనదే పెద్దపీట. పురుగు కొరికిన మొక్క ప్రత్యేకమైన వాసనలు విడిచి కందిరీగలను పిలుస్తుందని 1990లో తేలాక ఆ పీట ఇంకా ఎత్తుకు పోయింది. కానీ వాసనకు ఒక స్వభావం ఉంది: గాలి ఎటు వీస్తే అటు పోతుంది. పొలం దాకా, చాలు దాకా అది తీసుకువస్తుంది. ఈ చాలులో ఏ ఆకు, ఆ ఆకులో ఏ మూల అన్న ప్రశ్నకు వచ్చేసరికి వాసన అన్ని వైపులా ఒకేలా ఉంటుంది. చివరి జానెడు దూరంలో కన్ను పని చేయాలి.

కన్ను నేర్చుకుంటుందన్న ఆధారం వాసన ప్రయోగాల కంటే పాతదే. కెనడా కీటక శాస్త్రవేత్త ఎ.పి. ఆర్థర్ 1966లోనే ఐటోప్లెక్టిస్ కాంక్విసిటర్ అనే కందిరీగ మీద ఈ పని చేశాడు. గూళ్ళలో దాక్కున్న పురుగులను పైనుంచి పొడిచి గుడ్డు పెట్టే జాతి అది. ఒక రంగు గూట్లో పురుగు దొరకడం అలవాటైన కందిరీగలు ఆ తర్వాత అదే రంగు గూటిని ఎక్కువగా వెతికాయి. ఈగల ప్యూపాల (పురుగు రెక్కల కీటకంగా మారేముందు ఉండే కదలని దశ) మీద బతికే నాసోనియా విట్రిపెన్నిస్ కూడా రంగుకూ ఆతిథేయికీ ముడివేయగలదని 2000లో తేలింది. ఇక మైక్రోప్లైటిస్ విషయానికి వస్తే, ఫెలిక్స్ వెకర్స్, లూయిస్ కలిసి 1994లో వాసన పాఠాన్నీ చూపు పాఠాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. 1999లో రంగు, ఆకారం, గీతల నమూనా అనే మూడింటినీ విడదీసి పోల్చారు. అంత చిన్న కందిరీగ రంగు ఒక్కటే కాకుండా రూపాన్ని కూడా ఆనవాలుగా పట్టుకోగలదన్నది ఆ పని వల్ల తెలిసింది.

అయితే కందిరీగ చూసే లోకం మనం చూసే లోకం కాదు. తేనెటీగలకు లాగే చాలా కందిరీగల కళ్ళలో మూడు రకాల గ్రాహకాలు ఉంటాయి: ఆకుపచ్చకు ఒకటి, నీలానికి ఒకటి, మనకు కనబడని అతినీలలోహిత కాంతికి ఒకటి. ఎరుపుకు వేరే గ్రాహకం లేదు. మనకు భగ్గుమని కనిపించే ఎర్రటి వస్తువు వాటిలో చాలావాటికి ఒక నల్లటి మచ్చ. పైగా సంయుక్త నేత్రంలో ఒక్కో చిన్న కటకం ఒక్కో చుక్కను మాత్రమే చూస్తుంది. తేనెటీగ ఒక్కో కంటిలో సుమారు 5,000 కటకాలుంటే, చిన్న బదనికల్లో ఆ సంఖ్య వందల్లోకి, ఇంకా చిన్నవాటిలో పదుల్లోకి పడిపోతుంది. కాబట్టి అవి నేర్చుకునే రూపం అంటే ఆకు అంచు మీది సన్నని గీతలు కావు. పెద్ద మచ్చా చిన్న మచ్చా, ముదురా లేతా, అడ్డంగా ఉందా నిలువుగా ఉందా అన్నంత మాత్రమే. పురుగు కొరికిన కన్నం, ఎండిన ఆకు కొన, చుట్టుకున్న ఆకు కనబడటానికి అది చాలు.

చూపు ఒంటరిగా పని చేయదని చూపించడానికి పింప్లా టురియోనెల్లే అనే కందిరీగ మంచి ఉదాహరణ. దీనికి కావలసినది కాండంలోనో ఆకు చుట్టలోనో దాగిన ప్యూపా. ప్యూపా కదలదు, తినదు, విసర్జించదు. కనుక పైన చెప్పుకున్న గుళికల ఆనవాలు కూడా ఉండదు. పింప్లా అప్పుడు ఏం చేస్తుందంటే, మీసాల కొనలతో కాండాన్ని టకటకా కొడుతూ నడుస్తుంది. లోపల గుల్లగా ఉన్నచోట ఒక రకం కంపనం, గట్టిగా ఉన్నచోట మరో రకం కంపనం తిరిగి వస్తుంది. ఆ తేడాను కాళ్ళలోని జ్ఞానేంద్రియాలతో పట్టుకుంటుంది. పుచ్చకాయ కొనేవాళ్ళు వేలితో కొట్టి చూసే పద్ధతి ఇదే.

స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో సిల్వియా డోర్న్ బృందం కాగితపు గొట్టాలను కాండాలుగా పెట్టి దీన్ని పరీక్షించింది. గొట్టం లోపల ఒకచోట ప్యూపాను పోలిన గట్టి ముక్క ఉంటుంది, పైన ఒకచోట కంటికి కనిపించే పట్టీ ఉంటుంది. కందిరీగ తన గుడ్లు పెట్టే సూదితో కాగితాన్ని ఎక్కడెక్కడ పొడిచిందో లెక్కపెడితే, అది దేన్ని నమ్మిందో తెలిసిపోతుంది. కంపనం, చూపు రెండూ ఒకే చోటును చూపినప్పుడు పోట్లు ఎక్కువ పడ్డాయి. ఆసక్తికరమైన విషయం ఉష్ణోగ్రత. చల్లగా ఉన్నప్పుడూ మరీ వేడిగా ఉన్నప్పుడూ కంపన పద్ధతి గురి తప్పుతుంది, ఎందుకంటే కీటకం ఒంటి వేడి బయటి వాతావరణాన్ని బట్టే ఉంటుంది. అలాంటి వేళ కందిరీగ చూపు మీద ఎక్కువగా ఆధారపడింది. చెవి మందగిస్తే కంటికి పని పెంచుతుంది. మిల్లీగ్రాముల బరువున్న ప్రాణి ఏ ఆనవాలును ఎప్పుడు ఎంత నమ్మాలో తూచుకుంటోందంటే, ప్రవృత్తి అనే ఒక్క మాటతో దాన్ని పక్కన పెట్టేయడం అన్యాయం.

నేర్చుకోవడానికి ఖర్చు కూడా ఉంది. దీర్ఘకాలపు జ్ఞాపకం నిలవాలంటే మెదడు కణాలు కొత్త ప్రోటీన్లు తయారు చేయాలి. తప్పు పాఠం నేర్చుకుంటే ఆయుష్షులో మిగిలిన కొద్ది రోజులూ వృథా వెతుకులాటలో పోతాయి. క్యాబేజీ మీది సీతాకోకచిలుకల పురుగులను పట్టే రెండు దగ్గరి జాతులు దీన్ని చక్కగా చూపిస్తాయి. కొటేసియా గ్లోమెరాటా ఒక మొక్క మీద ఒక్కసారి గుడ్లు పెడితే చాలు, ఆ మొక్క దానికి గట్టిగా గుర్తుండిపోతుంది. కొటేసియా రుబెక్యులాకు ఆ స్థాయి జ్ఞాపకం ఏర్పడాలంటే అనుభవం విడతలు విడతలుగా మళ్ళీ మళ్ళీ కావాలి. మొదటిదాని పురుగులు గుంపులుగా, ఒకే రకం మొక్కల మీద ఉంటాయి. ఒకటి దొరికిందంటే పక్కనే మరికొన్ని ఉన్నట్టే. రెండోదాని పురుగులు ఇక్కడొకటి అక్కడొకటి చెదిరి ఉంటాయి. ఒక్కసారి దొరికిన చోటును నమ్ముకుంటే మోసపోవచ్చు. తొందరగా నేర్చుకోవడమే తెలివి అనుకోవడం సరికాదు; ఎంత తొందరగా నేర్చుకోవాలన్నది పురుగు ఎలా పరచుకుని ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది.

చూపుతో నేర్చుకోవడంలో బహుశా అన్నింటికంటే ఆశ్చర్యం కలిగించేది ఆర్గోక్రైసిస్ అర్మిల్లా అనే మెరుపు రంగు కందిరీగ. దీని కథ తెలుగువాళ్ళకు ఒక పాత మాటను గుర్తు చేస్తుంది. భ్రమర కీటక న్యాయం అని మన పెద్దలు చెబుతారు. మట్టితో గూడు కట్టే కందిరీగ పచ్చని పురుగును తెచ్చి లోపల పెట్టి మూస్తుంది, కొన్నాళ్ళకు అందులోంచి కందిరీగే బయటికి వస్తుంది. ఝంకారం విని విని పురుగే కందిరీగగా మారిందని ఆ న్యాయం చెబుతుంది. లోపలికి వెళ్ళింది పురుగు, బయటికి వచ్చింది కందిరీగ అన్న పరిశీలన నూటికి నూరుపాళ్ళు నిజం. మధ్యలో పురుగు పక్కన కందిరీగ గుడ్డు ఉందన్నది, ఆ గుడ్డులోంచి వచ్చిన పిల్లకు పురుగు ఆహారమైందన్నది మాత్రం మూసిన గూట్లో ఎవరికీ కనబడలేదు.

నేలలో బొరియ తవ్వి పురుగును దాచే కందిరీగలు కూడా ఇదే పని చేస్తాయి. అమెరికాలో అమ్మోఫిలా అనే జాతి అలా బొరియ తవ్వుతుంటే, ఆర్గోక్రైసిస్ కాస్త ఎడంగా కూర్చుని గమనిస్తుంది. తవ్వే కదలికే దానికి ఆనవాలు. ఆ చోటును గుర్తుపెట్టుకుంటుంది. అమ్మోఫిలా బొరియ నోటిని గులకరాళ్ళతో మూసి వేటకు వెళ్ళినప్పుడు నేల మామూలు నేలలాగే ఉంటుంది, అయినా ఆర్గోక్రైసిస్ ఆ చోటికి తిరిగి తిరిగి వచ్చి చూసుకుంటుంది. అసలు యజమాని పురుగును మోసుకొచ్చి మూత తీసిన కాసేపట్లో తానూ లోపలికి దూరి గుడ్డు పెట్టేస్తుంది. జే రోసెన్‌హైమ్ 1987లో ఈ ప్రవర్తనను వివరంగా నమోదు చేశాడు. ఆలండ్ దీవుల హైపోసోటర్‌లాగే ఇక్కడా నేర్చుకునేది రంగును కాదు, చోటును.

ఈ జ్ఞానం మన పొలాలకు ఎంతవరకు పనికొస్తుందన్నది న్యాయమైన ప్రశ్న. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బదనికల వాడకం కొత్తది కాదు. వరి, చెరకు, మొక్కజొన్న పొలాల్లో ట్రైకోగ్రామా అనే చిన్న బదనిక ఉన్న కార్డులు కడతారు. కోనసీమ కొబ్బరి తోటల్లో నల్లముట్టె పురుగు మీదికి గోనియోజస్ బదనికలను వదులుతారు. వీటిని పెంచేది ప్రయోగశాలల్లో. ట్రైకోగ్రామా అయితే బియ్యపు చిలుక గుడ్లలో పుట్టి పెరుగుతుంది. కార్డు మీద అంటించిన ఆ గుడ్లలోంచి బయటికి వచ్చిన బదనిక వరి ఆకును ఎన్నడూ చూసి ఉండదు. పొలంలోకి వచ్చాక మొదటి గంటల్లో దానికి ఏదీ దొరకకపోతే గాలితో పాటు ఎటో వెళ్ళిపోతుంది. కార్డును ఆకు అడుగున, పురుగు ఉన్న మొక్కల మధ్యే కట్టమనడంలో ఎండ, చీమల భయమే కాకుండా ఈ లాభం కూడా ఉంది.

అన్నీ నేర్పుతో తీరేవి కావన్నదీ ఒప్పుకోవాలి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధనల్లో శనగపచ్చ పురుగు గుడ్ల మీద ట్రైకోగ్రామా దాడి జొన్నలో బాగా కనిపించింది, కందిలో చాలా తక్కువ, శనగలో దాదాపు లేదు. కంది కాయల మీది జిగురు నూగు, శనగ మొక్క కార్చే పులుపు అంత చిన్న కీటకాన్ని నడవనివ్వవు. పురుగు ఎక్కడ ఉందో తెలిసినా అక్కడ అడుగు పెట్టలేని పరిస్థితి అది.

ఇంకో చిన్న విషయం రైతులకు నేరుగా సంబంధించింది. తెల్లదోమ కోసం పెట్టే పసుపు జిగురు అట్టలు బదనికలను కూడా లాగుతాయి. వాటి జాతులను సేకరించే శాస్త్రవేత్తలు పసుపు రంగు గిన్నెలో సబ్బు నీళ్ళు పోసి పొలంలో పెట్టేది ఆ ఆకర్షణ వల్లే. బదనికలను వదిలిన రోజుల్లోనే పొలం నిండా పసుపు అట్టలు పెడితే, ఒక చేత్తో ఇచ్చినది రెండో చేత్తో తీసుకున్నట్టవుతుంది.

పొలంలోకి వదిలేముందే బదనికకు ఒక పాఠం చెప్పి పంపవచ్చన్న ఆలోచనకు అర్ధ శతాబ్దం వయసుంది. 1975లో హ్యారీ గ్రాస్, జో లూయిస్, వారి సహచరులు ట్రైకోగ్రామా జాతులనూ మైక్రోప్లైటిస్‌నూ విడుదల చేసే సమయంలోనే ఆతిథేయి ఆనవాళ్ళకు గురిచేసి చూశారు. ఆ పరిచయం కలిగినవి చెదిరిపోకుండా అక్కడే వెతకడం మొదలుపెట్టాయి. పెట్టె మూత తెరిచే ముందు లోపల పురుగు విసర్జన పడిన ఆకు ముక్క ఒకటి ఉంచడం ఖరీదైన పని కాదు. ఆ ఆకు, కందిరీగ రేపు వెళ్ళబోయే పంట ఆకే అయి ఉండాలి, ఆ పంట రంగులోనే ఉండాలి.